కల్లం రికార్డుకు ఒక సంతకం

గుంటూరు, బ్రాడీపేట
9 జనవరి 2024

చెల్లెమ్మా కరీమున్,

అక్షరాలు వంకర పోతున్నాయి, ఎవరో అనుకునేవు. నేనే, గురునాథాన్ని. పోయిన ఏడు గొంతులో గడ్డ వచ్చి స్వరపేటిక తీసేశారు. మెడ మీద చిన్న కన్నం పెట్టారు, ఊపిరి దాన్నుంచే. మాట లేదు. హైస్కూల్లో ఇంగ్లీషు పాఠం వీధి చివరికి వినపడేలా చెప్పినవాణ్ణి, ఇప్పుడు మీ వదిన వెంకాయమ్మను మంచినీళ్లడగాలన్నా పలక మీద రాయాలి. నీ దగ్గరున్నది బటన్ల ఫోనని మీ అమ్మాయి షమా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, మన 'కల్లం' రికార్డు మళ్లీ వస్తోంది.

నవ్వుకో. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా. ఎనభై ఒకటిలో షబ్బీరు, నేను, రామకాంత్ మద్రాసు వెళ్లి వాయించి వచ్చిన రికార్డు. షబ్బీరు శాక్సఫోను, నా డ్రమ్సు, రామకాంత్‌ది ఆ మనిషంత ఎత్తుండే తీగల బేసు. ఇక్కడ పొగాకు కొనడానికొచ్చిన దొర ఒకడు క్లబ్బులో మా వాయింపు విని ముచ్చటపడి స్టూడియో ఖర్చు పెట్టుకున్నాడు. 'ఇది జాజ్, అందులోనూ ఎవరూ తొక్కని దారి' అన్నాడాయన. మన గుంటూరు వాళ్లు 'గోల' అన్నారు. అమ్ముడుపోని పెట్టెలు మా అటక మీద చెదలు తిన్నాయి.

ఆ చెదలకు చిక్కని కాపీ ఒకటి మద్రాసు పేవ్‌మెంటు మీద ఎవరికో దొరికి, చేతులు మారి మారి బెర్లినులో ఒక కంపెనీ చేతికి చేరిందట. వాళ్లు అసలు టేపు కోసం వెతికి, స్టూడియో వాళ్ల మనవడి బీరువాలో పట్టుకున్నారు. పాతబడిన టేపు జిగురు కక్కుతుంది, దాన్ని సన్నని వేడి మీద ఎండబెట్టాలిట. మిరపకాయలు ఎండబెట్టినట్టే అనుకో. తర్వాత లోపలి చెత్తంతా ఏరేసి శుభ్రం చేసి కొత్తగా విడుదల చేస్తారు. అక్కడ దీన్ని గొప్ప పని అంటున్నారమ్మా. మా ముగ్గురి వాయింపును.

ఇక అసలు మాట. ముగ్గురి సంతకాలూ కావాలి. నేను పెట్టాను. రామకాంత్ పోయాడు కనుక వాళ్లబ్బాయి పెట్టాడు. షబ్బీరు వాటాకు అతనైనా పెట్టాలి, లేదా భార్యగా, వారసురాలిగా నువ్వు పెట్టాలి. వారసురాలివి కావాలంటే అతను లేడని కాగితం ఉండాలి. ఏళ్ల తరబడి ఎవరికీ కనపడని మనిషిని చట్టం పోయినట్టే అనుకుంటుందని వకీలు చెప్పాడు. కోర్టులో నువ్వొక దరఖాస్తు వెయ్యాలి.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి బోలెడు కాగితాలు చించాను. ఆలోచించుకో తల్లీ.

మీ అన్నయ్య,
గురునాథం


పొదిలి
20 జనవరి

గురునాథం అన్నయ్యకు కరీమున్ సలాములు.

మీ గొంతు పోయిందని షమా నాతో చెప్పలేదు. మంగళగిరిలో ఆఫీసు, పిల్లల చదువులు, దాని గోల దానిది. మీరు మా ఇంటి ముందు నిలబడి 'షబ్బీరూ' అని పిలిస్తే వెనక వీధిలో కుక్కలు మొరిగేవి. అది తలచుకుని ఏడ్చాను.

రెండో సంగతి. మా ఆయన చచ్చాడని నేను కోర్టులో చెప్పాలి. అంతేగా?

చెప్పను.

మీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. మావాళ్లు తాతల నాటి నుంచి గుళ్లలో నాదస్వరం ఊదిన దూదేకులవాళ్లు. ఆయన అది వదిలి శాక్సఫోను పట్టినప్పుడే మా మామ సగం చచ్చాడు. మద్రాసు నుంచి వచ్చాక ఇంకో మనిషి అయ్యాడు. పెళ్లికి పిలిస్తే పాట మొదలుపెట్టి మధ్యలో ఎటో వెళ్లిపోయేవాడు. దర్శిలో ఒక పెళ్లిలో తాళి కట్టే వేళ కూడా ఆపకపోతే పెళ్లివారు చెయ్యి చేసుకున్నారు. పెదవి చిట్లి వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఎనభై ఆరులో శాక్సఫోను పెట్టె పట్టుకుని బొంబాయి పోతానన్నాడు. 'అక్కడ దీన్ని వినే చెవులున్నాయి కరీమా, కుదురుకోగానే తీసుకెళ్తా' అన్నాడు. షమాకు మూడేళ్లు.

రెండో పెళ్లి చేసుకున్నాడన్నారు, రైలు కింద పడ్డాడన్నారు, నా నోరు భరించలేక పోయాడన్నారు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. మిరపకాయల తొడిమలు తీసి పిల్లను చదివించాను. ఆయన చెవిలో ఒక శబ్దం పడింది, దాని వెంట వెళ్లాడు, అది దొరికేదాకా రాడు అనుకున్నాను. నేను మొగుడు వదిలేసిన దాన్ని కాదు అన్నయ్యా, పెద్ద పని మీద వెళ్లిన మనిషి పెళ్లాన్ని. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్లు బతికాను. దాన్ని తీసుకెళ్లి జడ్జీ ముందు పారేయమంటే నా వల్ల కాదు.

మందులు వేళకు వేసుకోండి. వదినను అడిగానని చెప్పండి.

కరీమున్


గుంటూరు
11 ఫిబ్రవరి

చెల్లెమ్మా,

బలవంతం లేదు. ఇంకెప్పుడూ అడగను. కంపెనీ వాళ్లకు రాసేశాను, ఆమె ఒప్పుకోవడం లేదు, ఆగండి అని. ఆగుతామన్నారు.

కానీ ఒకటి నీకు వినిపించకుండా ఉండలేకపోయాను. శుభ్రం చేసిన మొదటి ముక్క పంపారు. షమా ఫోనుకు పంపించాను, వచ్చే ఆదివారం అది పొదిలి వచ్చినప్పుడు చెవుల్లో పెట్టుకుని విను. పాత రికార్డు నీకు గుర్తుందో లేదో. ఆ మద్రాసు ఇంజనీరు షబ్బీరు జోరుకు భయపడి అతన్ని ఎక్కడో బావిలోకి నెట్టేసి, నా డ్రమ్సును తెచ్చి ముందు కూర్చోబెట్టాడు. ఇప్పుడలా లేదు. నేను వింటున్నంతసేపూ వెంకాయమ్మ నా మెడ దగ్గర గుడ్డ పట్టుకునే ఉంది. ఏడిస్తే నాకు ఆ కన్నంలోంచి తెమడ వస్తుంది, పాపం దానికి అదో పని.

గురునాథం


పొదిలి
4 మార్చి

అన్నయ్యా,

విన్నాను.

షమా ఫోను తీగలు నా చెవుల్లో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న చప్పుడు. ఆయన శాక్సఫోను రీడు నోట్లో పెట్టుకుని నాలుకతో తడుపుకునే చప్పుడు అది. పొద్దున్నే నేను పొయ్యి దగ్గర ఉంటే వెనక నుంచి వినపడేది. మీకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. తర్వాత ఊపిరి తీశాడు. నేను వెనక్కి తిరిగి చూశానన్నయ్యా. నిజంగా తిరిగి చూశాను.

ఆ వాయింపు నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. మిర్చి కల్లంలో ఘాటుకు ఆడవాళ్లందరూ ఒకేసారి దగ్గుతున్నట్టుంటుంది. అందుకే ఆ పేరు పెట్టానని చెప్పేవాడు. మధ్యలో ఒకచోట మాత్రం ఏదో లాలిలాగా వచ్చి ఆగిపోతుంది. షమాను అడిగి అక్కడికే మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాను.

ఇంత దగ్గరగా ఊపిరి తీసే మనిషిని పోయాడని రాసిమ్మంటారా?

నాకొక ఆలోచన వచ్చింది. మీరు చెప్పినట్టు దీన్ని దేశదేశాల్లో వింటారు కదా. వాళ్లను అడగండి. ఆయన ఫొటో పెట్టి, ఈ మనిషి ఎక్కడైనా కనిపించాడా, ఈ వాయింపు ఎక్కడైనా విన్నారా అని అడగమనండి. ఆయన ఉంటే ఇది ఆయన చెవిన పడకుండా పోదు. వేరేవాళ్లు తన పాట వింటుంటే ఊరుకునే మనిషి కాదు, వచ్చి తప్పులు చెబుతాడు. వస్తే ఆయన సంతకమే ఆయన పెడతాడు.

మా పెళ్లినాటి ఫొటో షమా దగ్గర ఉంది. నన్ను కత్తిరించి ఆయన్నొక్కణ్ణే పంపమన్నాను.

ఈ ఏడు కాయ బాగుంది. ధర లేదు.

కరీమున్


గుంటూరు
2 ఏప్రిల్

చెల్లెమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశారు. వాళ్ల ఇంటర్నెట్ పేజీలో షబ్బీరు ఫొటో, మొదటి ముక్క, కింద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ నాలుగు వాక్యాలు. తెలుగు నేను రాశాను. 'ఇతని కుటుంబం ఎదురుచూస్తోంది' అన్నాను. సరేనా?

ఉత్తరాలు వస్తున్నాయట. జపాన్ నుంచి ఒకాయన, 'ఇతను ఊపిరిని కూడా వాయించాడు' అని రాశాడు. బొంబాయిలో హోటళ్లలో వాయించిన ముసలాళ్లనూ అడుగుతున్నారు. ఇంతవరకు చూశామన్నవాళ్లు లేరు. ఓపిక పట్టు.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. సాయంత్రాలు డ్రమ్ముల కర్రలు తీసి దిండు మీద కొడుతున్నాను. షబ్బీరు వస్తే చేతులు మొద్దుబారిపోయాయని తిడతాడు.

గురునాథం


గుంటూరు
19 మే

చెల్లెమ్మా,

క్షేమం. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మిర్చి యార్డుకు సెలవులిచ్చారు, ఊళ్లో ఘాటు కాస్త తగ్గింది. వెంకాయమ్మ ఆవకాయ పెట్టింది, నేను తినలేనని తెలిసీ నా వాటా విడిగా తీసిపెట్టింది. ఎవరైనా అటు వస్తుంటే నీకు పంపుతాను. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? ఎండలో పనికి పోవద్దు.

ఉంటాను.
గురునాథం


పొదిలి
30 మే

అన్నయ్యా,

మీ ఉత్తరం షమా చేత కూడా చదివించాను, నాకేమన్నా కంటికి ఆనలేదేమో అని. ఆవకాయ ఉంది, ఎండలున్నాయి, మోకాళ్లున్నాయి. ఆయన లేడు.

ఇన్ని ఉత్తరాల్లో మీరు ఆయన పేరు రాయనిది ఇదొక్కటే. మీకు అబద్ధం చెప్పడం రాదు, నోరున్నప్పుడూ రాలేదు.

ఇంకోటి. మీకు మళ్లీ గడ్డ కనిపించిందని వదిన షమాతో అందట. ఫిబ్రవరి నుంచీ తెలుసట. రికార్డు చేతిలో పట్టుకుని చూడాలని ఉందట. అంటే నాకు 'ఇంకెప్పుడూ అడగను' అని రాసిన రోజున అది మీ మెడలో ఉంది. నేను జాలిపడి సంతకం పెడతానేమోనని దాచారా? మీరు ఇంత మంచివాళ్లు కాకపోయినా బాగుండేది.

తెలిసింది రాయండి. ఎదురుచూడటం నాకు అలవాటే. కానీ మీరూ నాకు దాస్తే నాకిక ఎవరున్నారు?

కరీమున్


గుంటూరు
21 జూన్

చెల్లెమ్మా,

ఖాయం చేసుకోకుండా రాయకూడదని ఆగాను. ఇప్పుడు ఖాయమైంది. కూర్చుని చదువు. షమా దగ్గర ఉంటే మంచిది.

ఏప్రిల్ నెలాఖరులో నంద్యాల నుంచి ఖాదర్ వలి అనే కుర్రాడు కంపెనీకి రాశాడు. వాళ్ల తాత మాలిక్‌ది పెళ్లి బ్యాండు. ఫొటోలోని మనిషి మా తాత బ్యాండులో ఉండేవాడు అన్నాడు. నేను నమ్మలేదు. పోయిన వారం వెంకాయమ్మను తీసుకుని నంద్యాల రైలెక్కాను. ఆవిడ నా నోరు, నేను పలక.

మాలిక్‌కు ఎనభై దాటాయి, మనిషి గట్టిగా ఉన్నాడు. బ్యాండు దుకాణంలో గోడకు ఒక శాక్సఫోను వేలాడుతోంది, పచ్చబడిపోయింది. దించి చేతికిచ్చాడు. దాని వెడల్పాటి మూతి అంచున మేకుతో గీసిన అక్షరాలు: షమా. ఆ పిల్ల పుట్టిన వారం మా ఇంటి అరుగు మీద కూర్చుని, నా ఎదురుగానే గీశాడు తల్లీ. నా చేతిలోంచి జారబోతే వెంకాయమ్మ పట్టుకుంది.

ఎనభై ఆరులోనే అక్కడికి వచ్చాడట. బొంబాయి వెళ్లాడో లేదో వాళ్లకు తెలియదు. 'మాస్టరు' అని పిలిచేవారు. దుకాణం మీద గదిలోనే ఉండేవాడు. నాకెవరూ లేరు అన్నాడట. తొంభై నాలుగు వానల్లో కామెర్లు వచ్చి పెద్దాసుపత్రిలో పోయాడు. బ్యాండు వాళ్లే మట్టి చేశారు. మున్సిపాలిటీ పుస్తకంలో పేరుంది, నేను చూశాను: 'షబ్బీరు, బ్యాండు.' తండ్రి పేరు దగ్గర 'తెలియదు' అని ఉంది.

పలక మీద రాసి మాలిక్‌ను ఒకటే అడిగాను. ఇక్కడ ఏం వాయించేవాడు?

'సినిమా పాటలండీ,' అన్నాడు. 'ఊరేగింపుల్లో ఆయన పాటెత్తితే జనం కదిలేవాళ్లు కాదు.'

ఇంకేదైనా వాయించేవాడా, ఒంటరిగానైనా?

'లేదండీ. చాలా బుద్ధిగా వాయించేవాడు. స్వరం పక్కకు పోనిచ్చేవాడే కాదు.'

ఖాదర్ వలి ఫోనులో 'కల్లం' పెట్టి వినిపించాడు. మాలిక్ కాసేపు విని, 'ఇది మా మాస్టరు కాదు' అన్నాడు.

ఇంతకంటే నాకు తెలిసింది లేదు. ఏదీ దాచలేదు.

గురునాథం


పొదిలి
8 జులై

అన్నయ్యా,

పోయాడని రాశారు. ఆ మాటకు నేను ఏడవలేదు. ఇన్నేళ్ల మీద పోకుండా ఎలా ఉంటాడు, నాకు మాత్రం తెలియదా? తెలుసు. పైకి అనలేదు, అంతే.

నేను అడిగేది వేరు. నంద్యాలలో పెళ్లి పాటలు వాయించడానికి పొదిలి ఏం తక్కువైంది?

ఆ వాయింపు కోసం పోయాడని కదా నేను ఊరుకున్నది. అది నాకంటే పెద్దది, పిల్లకంటే పెద్దది అనుకుని నోరు మూసుకున్నాను. మా అత్త చచ్చేముందు 'వాడు ఏడీ' అంటే, 'నీ కొడుకు పెద్ద పని మీద ఉన్నాడత్తా' అన్నాను. ఆ సినిమా పాటలు బుద్ధిగా ఇక్కడే వాయించి ఉంటే ఏ పెళ్లివారూ కొట్టేవాళ్లు కాదు. రోజూ ఇంటికొచ్చి అన్నం తినేవాడు. షమా నాన్నా అని పిలిచేది. మేము అడిగింది అంతకంటే ఏముంది? ఇక్కడ మాకోసం చెయ్యనన్నది అక్కడ ఎవరూ లేని చోట చేశాడు.

దొనకొండలో రైలెక్కితే మధ్యాహ్నానికి నంద్యాల. అదే పట్టాలు. షమా ఎంసెట్ రాయడానికి నేను దాన్ని గుంటూరు తీసుకెళ్లింది ఆ లైనులోనే. అప్పటికి ఆయన పోయాడు. కానీ దాని మొదటి బడి రోజున ఉన్నాడు. దానికి టైఫాయిడ్ వచ్చి నా చేతుల్లో వేలాడిన రోజున ఉన్నాడు.

పేరు గీసిన వాయిద్యాన్ని ఎనిమిదేళ్లు నోట్లో పెట్టుకుని ఊదినవాడికి ఒక కార్డు ముక్క రాయడం చేతకాలేదా? మీరు చదువుకున్నవాళ్లు, ఆయనతో తిరిగినవాళ్లు. మీకు తెలిస్తే చెప్పండి.

కరీమున్


గుంటూరు
25 జులై

చెల్లెమ్మా,

నాకు తెలియదు.

నీకు ఊరటగా ఉండే మాటలు కొన్ని తోచాయి. ఓడిపోయి వచ్చానని నీకు ముఖం చూపించలేకపోయాడు, సిగ్గుపడ్డాడు అని. బొంబాయిలో వినే చెవులు దొరకలేదేమో అని. రాయడం మొదలుపెట్టి కొట్టేశాను. అవన్నీ నేను కల్పించేవి. నువ్వు ముప్పై ఎనిమిదేళ్లు బతికింది అలాంటి కల్పన మీదే, ఇంకొకటి నా చేత్తో ఇవ్వను.

నా బాధ ఒకటి చెబుతాను. మేము ముగ్గురం కలిసి చేసిన మంచి పని అదొక్కటే. నేను బడిపంతులునై దాన్ని వదిలేశాను, రామకాంత్ బీమా ఆఫీసులో వదిలేశాడు. షబ్బీరు ఒక్కడే దాన్ని మోస్తూ ఎక్కడో తిరుగుతున్నాడని నేనూ నమ్మాను. అతనూ వదిలేశాడు. ఇక అది ఆ టేపులో తప్ప ఎక్కడా లేదు.

నువ్వు సంతకం పెట్టకపోయినా నేనేమీ అనుకోను. నా కోసం పెట్టకు.

గురునాథం


పొదిలి
16 నవంబరు

అన్నయ్యా,

సంతకం పెట్టాను. నంద్యాల మున్సిపాలిటీ వాళ్లిచ్చిన మరణ పత్రం జతచేసి షమా కాగితాలు నిన్న పంపింది. మీకోసం కాదు, కోపంతోనూ కాదు. ఆయన చేసిన వాటిలో నిజమైనది అదొక్కటే మిగిలింది, దాన్ని ఆపి నేను ఏం చేసుకుంటాను? రికార్డు వచ్చేదాకా మీరు ఓపిక పట్టండి. వదిన చెప్పింది, లేవలేకపోతున్నారట. ఈ ఉత్తరం ఆవిడే చదివి వినిపిస్తుందేమో. వదినా, కొంచెం గట్టిగా చదువు.

పోయిన నెల నేను, షమా నంద్యాల వెళ్లాం. మాలిక్ సాయిబు మర్యాదస్తుడు. వాయిద్యం తీసుకెళ్లమన్నాడు. షమా తన పేరు మీద వేలు పెట్టి రుద్దింది, తర్వాత 'మీ దగ్గరే ఉంచండి' అంది. దాని పేరు, దాని ఇష్టం.

సమాధుల దొడ్డికి తీసుకెళ్లారు. ఏదో చూపిస్తారనుకున్నాను. పాతవాటి మీదే కొత్తవాళ్లను పెడతారట, చోటు చాలక. ఖాదర్ వలి 'ఈ వైపే అమ్మా' అని చెయ్యి చాపి గోడ దాకా చూపించాడు. ఆ వైపంతా మట్టే, కాలిబాట, మేకలు. ఎక్కడ నిలబడి ఏడవాలో తెలియలేదు. పువ్వులు తెచ్చాను, ఆ గోడ మీద పెట్టి వచ్చాను.

ఇంటికి వచ్చాక మసీదులో హజరత్ గారిని అడిగాను. భర్త పోతే ఆడది ఇల్లు కదలకుండా నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చోవాలి కదా, నేను ఎప్పటి నుంచి కూర్చోవాలి, నాకు తెలిసిన రోజు నుంచా అని. నిజం చెప్తున్నానన్నయ్యా, నాకు కూర్చోవాలని ఉంది. ఒక మూల తెల్ల దుప్పటి వేసుకుని, జనం వచ్చి పలకరిస్తుంటే, ఆయన పెళ్లాన్నని అందరికీ తెలిసేట్టు కూర్చోవాలని ఉంది.

హజరత్ పుస్తకం తీసి చూశాడు. ముసలాయన, మంచివాడు, చెప్పడానికి కష్టపడ్డాడు. 'ఇద్దత్ లెక్క తెలిసిన రోజు నుంచి కాదు తల్లీ, మనిషి పోయిన రోజు నుంచి. నీది అయిపోయి ముప్పై ఏళ్లయింది. నువ్వు కూర్చోవలసిన పని లేదు' అన్నాడు.

'ఊరికే కూర్చుంటే తప్పా?' అన్నాను.

'తప్పు కాదు, కానీ దాన్ని ఇద్దత్ అనరు' అన్నాడు.

లేచి వచ్చేశాను. నల్లపూసలు తీసి పెట్టెలో వేశాను. ఎవరూ చూడలేదు, ఎవరూ రాలేదు. పక్కింటి షాజాదీ వచ్చి, రేపు పత్తి తీతకు మనుషులు చాలలేదు, వస్తావా అని అడిగింది.

వస్తానన్నాను.

మీ చెల్లెలు,
కరీమున్